మురికి ఎయిర్ ఫిల్టర్ వర్ధిల్లాలి!

పెళ్లయిన ప్రతి ఆడదానికీ ఒంటి మీద నగలు లేకపోయినా ఫరవాలేదు గానీ, ఇంట్లో ఒక హైబ్రిడ్ కారు, ఆ కారులో ఒక మురికి ఎయిర్ ఫిల్టర్ ఉండి తీరాలి!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. సంసారం చక్కబడడానికి పెద్దవాళ్లిచ్చే సలహాలు, కౌన్సెలింగులు, సెమినార్లు అన్నీ ఒక ఎత్తు. బానెట్ కింద నల్లటి డబ్బాలో ముడుచుకుని కూర్చునే ఆ కాగితం ముక్క ఒక్కటీ ఒక ఎత్తు.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. ఇంజన్ కూడా మనలాగే గాలి పీలుస్తుందట. ఆ గాలితో పాటు దుమ్ము లోపలికి పోకుండా విసనకర్రలా మడతలు పెట్టిన కాగితపు పలక ఒకటి అడ్డం పెడతారు. అదే ఎయిర్ ఫిల్టర్. కొత్తగా ఉన్నప్పుడు తెల్లగా ఉంటుంది, వాడగా వాడగా నల్లబడుతుంది. నల్లబడితే తీసేసి కొత్తది పెట్టాలి. చిటికెలో అయిపోయే పని కదా అనుకుంటున్నారా? మీరు మా ఆయన్ని చూడలేదు!

మొన్న కారుని సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు సర్వీస్ అడ్వైజర్ ఆ ఫిల్టర్‌ని రెండు చేతులతో పట్టుకుని లోపలి నుంచి వచ్చాడు. ఆపరేషన్ థియేటర్ తలుపు తోసుకుని వచ్చే డాక్టర్ మొహం పెట్టాడు. మా ఆయన గభాల్న కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"చూడండి సార్! దీంతో ఇంజన్‌కి ఊపిరి ఎలా ఆడుతుందో మీరే చెప్పండి" అన్నాడు అడ్వైజర్.

మా ఆయన కళ్లు చెమర్చాయి. ఒట్టు! సరిగ్గా అప్పుడే పక్క కుర్చీలో నాకు దగ్గు తెర వచ్చింది. "కాస్త ఆగవోయ్, ఆయన చెప్పేది వినపడట్లేదు" అన్నారు.

ఈ దగ్గు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వాతావరణం మారినప్పుడు పట్టుకున్నది, ఇప్పటికీ వదలడం లేదు. మెట్లెక్కుతుంటే మధ్యలో ఆగి గోడ పట్టుకోవాల్సి వస్తోంది. మా ఇంట్లో దీనికి మందు వేడినీళ్లు. "వేడినీళ్లు తాగు, అదే పోతుంది" అని మా ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండానే చెబుతారు. తల ఎత్తకుండా వైద్యం చేయడం ఎంతమందికి చేతనవుతుంది చెప్పండి?

అడ్వైజర్ అక్కడికక్కడే కొత్త ఫిల్టర్ వేసేస్తానన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు. "ఇలాంటివి తొందరపడి తేల్చుకునే విషయాలు కావు. ఆలోచించుకోవాలి" అని పాతదే మళ్లీ పెట్టించుకుని ఇంటికి వచ్చారు. నన్ను పెళ్లి చేసుకోవడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా ఆలోచించని మనిషి!

ఇక అక్కడి నుంచి మా ఇంట్లో శుభాలు మొదలయ్యాయి.

మా ఆయనకి ఇష్టాయిష్టాలు పుట్టుకొచ్చాయి. అంతకుముందు ఏం వండమంటారంటే "ఏదో ఒకటి". ఏ రంగు కర్టెన్లు కొందామంటే "నీ ఇష్టం". అమ్మాయిని ఏ కాలేజీలో చేర్పిద్దామంటే "మీరిద్దరూ చూసుకోండి". అలాంటి మనిషి టీ తాగుతూ, పళ్లు తోముకుంటూ, అద్దం ముందు తల దువ్వుకుంటూ ఎంపిక చేయడం మొదలుపెట్టారు! కాగితం ఫిల్టరా, నూలు ఫిల్టరా, స్పాంజి ఫిల్టరా? కంపెనీదా, బయటిదా? నూనె పూసినది మంచిదంటారు గానీ, ఆ నూనె వెళ్లి గాలిని కొలిచే సెన్సర్‌కి అంటుకుంటే? పోనీ కడుక్కుని మళ్లీ మళ్లీ వాడుకునేది కొంటే? అన్నం ముందు కూర్చుని ఆయన ఆలోచనలో పడితే, ఉప్పు తక్కువైన కూర కూడా నోరెత్తకుండా దిగిపోయేది. ఏ ఇల్లాలికైనా ఇంతకంటే ఏం కావాలి?

అన్నదమ్ముల మధ్య మాటలు పెరిగాయి. తగువులాడుకునే మాటలు కావు, మంచి మాటలే. ఎప్పుడూ "బాగున్నావా", "ఆ బాగున్నా" అని ఫోన్ పెట్టేసేవాళ్లు, ఇప్పుడు ఆదివారం పొద్దంతా స్పీకర్ పెట్టుకుని మాట్లాడుకున్నారు.

"అన్నయ్యా, ఇన్ని కిలోమీటర్లకి మార్చమని పుస్తకంలో ఉంటుందిగా. మార్చెయ్" అన్నాడు మరిది.

"ఒరే, ఇది హైబ్రిడ్‌రా! సగం దూరం బ్యాటరీ మీదే నడుస్తుంది. అప్పుడు ఇంజన్ పడుకుని ఉంటుంది. పడుకున్నది గాలి పీలుస్తుందా?"

"మనం పడుకున్నా పీలుస్తాంగా?"

మా ఆయన ఆ ప్రశ్నని పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరిగారు. ఈలోగా వంటింట్లో నాకు దగ్గొచ్చింది.

"ఎవరది, వదినా, నువ్వేనా? ఇంకా తగ్గలేదా?" అని ఫోనులోంచి మరిది కేకేశాడు.

"అది ఎప్పుడూ ఉండేదే, వదిలెయ్. నువ్వు అసలు సంగతికి రా" అన్నారు మా ఆయన. మనిషికి ఏకాగ్రత అంటే అలా ఉండాలి!

అన్నింటికన్నా గొప్ప మార్పు ఆయన మనసులో వచ్చింది. ఇన్నేళ్లలో ఆ మనిషిలో అంత సున్నితత్వం ఉందని నాకు తెలియదు. పొద్దున్నే కాఫీ కప్పుతో కారు దగ్గరికి వెళ్లి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడేవారు. తర్వాత అడ్వైజర్‌కి ఫోన్ చేసి, చంటిపిల్లాడి గురించి చెప్పినట్టు చెప్పేవారు. "ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కొంచెం ఆయాసపడుతోందండీ. చల్లగాలికి ఎక్కువగా ఉంటోంది. మొదట్లో ఇంత లేదు. పైకి ఏమీ చెప్పదు గానీ లోపల్లోపల ఇబ్బంది పడుతోందని నాకు అనుమానం." ఎంత బాగా కనిపెట్టారో చూశారా!

ఇంటిపని సంగతి కూడా చెప్పాలి. వాక్యూమ్ క్లీనర్ స్విచ్ ఎక్కడుందో కూడా తెలియని మనిషి, తనంతట తానే దాన్ని అటక మీంచి దింపారు. ఫిల్టర్‌ని డైనింగ్ టేబుల్ మీద పేపర్ కూడా వేయకుండా పెట్టి, మడతమడతకీ మధ్య నా మొహానికి పౌడర్ రాసుకునే బ్రష్‌తో మెల్లగా నిమిరారు. మధ్యమధ్య టపటపా తట్టారు. దుమ్ము గుప్పుమని లేచింది. ఎదురుగా కూర్చుని కాయగూరలు తరుగుతున్న నాకు ఇక దగ్గు ఆగలేదు.

"ఏమోయ్, కాస్త అటు తిరిగి దగ్గు! ఫిల్టర్ మీద తుంపర్లు పడుతున్నాయి" అన్నారు.

అటు తిరిగే దగ్గాను. ఒక వస్తువు శుభ్రంగా ఉండాలని అంత తపన పడేవాళ్లని నిరుత్సాహపరచకూడదు కదా!

ఆ తపనే కొంప ముంచింది. కడిగి వాడుకునే ఫిల్టర్లు ఉంటాయని ఆయన ఎక్కడో చదివారు. మాది ఆ రకమా కాదా అన్నది చదవలేదు. నా బట్టలు నానబెట్టే బకెట్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి, అందులో అమ్మాయి షాంపూ కలిపి, దానికి మెత్తగా స్నానం చేయించారు. తువ్వాలుతో అద్ది, బాల్కనీ తీగ మీద టవల్‌కీ పిల్లో కవర్‌కీ మధ్య క్లిప్పులు పెట్టి ఆరేశారు. సాయంత్రానికి మడతలన్నీ విడిపోయి, జిగురు ఊడిపోయి, వానలో తడిసిన కేలెండర్‌లా వేలాడింది.

మా ఆయన క్లిప్పులు తీసి దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నారు. "పోయిందోయ్" అన్నారు. భుజం తట్టి ఓదార్చాను. మరి సహధర్మచారిణి అన్న తర్వాత తప్పుతుందా?

వెంటనే ఆర్డర్ పెట్టారు. వచ్చింది. మా మోడల్‌దే, కాకపోతే మామూలు పెట్రోల్ బండిది! హైబ్రిడ్‌కి డబ్బా కొలతే వేరట. ఎంత నొక్కినా మూత పడలేదు. అది వెనక్కి వెళ్లింది, ఇంకొకటి బయల్దేరింది. ఈ రెంటి మధ్యలో మా కారు ఫిల్టర్ లేకుండా ఇంటి ముందు నిలబడిపోయింది. నా పరీక్ష రోజు కూడా సరిగ్గా ఆ మధ్యలోనే వచ్చి పడింది.

పరీక్ష అంటే మరేం కాదు. ఊపిరితిత్తుల్లో ఎంత బలం ఉందో గొట్టంలోకి ఊదించి చూస్తారు. దగ్గు చూపించుకోవడానికి నేనొక్కదాన్నే వెళ్లినప్పుడు డాక్టరమ్మ ముందే చెప్పింది, "గట్టిగా ఊదితే కొందరికి కళ్లు తిరుగుతాయి. తోడుగా ఎవరినైనా తెచ్చుకోండి" అని. ఆ మాట మా ఆయనకి చెబితే, "ఓ, వెళ్దాం. అదెంత పని!" అన్నారు. నాకు ఎంత సంతోషం వేసిందో! ఆ రోజు పొద్దున్నే తయారై వచ్చి నిలబడ్డాను.

"ఏవండీ, బయల్దేరదామా?"

"ఎలా బయల్దేరతాం? ఫిల్టర్ లేదుగా! ఇలా రోడ్డెక్కిస్తే దుమ్మంతా నేరుగా లోపలికి పోతుంది. ఇంజన్ ఏమైపోవాలి?"

"బ్యాటరీ మీద వెళ్లిపోతే?"

"మధ్యలో ఇంజన్ లేచిందనుకో? అమ్మో, రిస్క్!"

"పోనీ ఇద్దరం బస్సులో వెళ్దామా?"

"ఫిల్టర్ వచ్చేది ఇవాళే. ఇంట్లో మనిషి లేకపోతే వెనక్కి పట్టుకుపోతారు. నువ్వు వెళ్లొచ్చెయ్. కిటికీ పక్కన కూర్చో, గాలి బాగా వస్తుంది."

కిటికీ పక్కనే కూర్చున్నాను. దారి పొడుగునా పైపుల కోసం రోడ్డు తవ్వి పోశారు. ఆయన చెప్పినట్టే గాలి బాగా వచ్చింది. దాంతోపాటు రోడ్డు కూడా వచ్చింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. అది నూలుదా, సిల్కుదా, కడుక్కుని వాడుకునేదా అని ఎవరూ రీసెర్చ్ చేయలేదు గానీ, ఉన్నంతలో పనిచేసింది.

ఆసుపత్రిలో పరీక్ష చేసే అమ్మాయి నా ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టి, "ఊదండమ్మా! ఇంకా, ఇంకా, ఆపకండి, ఇంకా!" అని కేకలు పెట్టింది. ఊదాను. గోడలు గిర్రున తిరిగాయి. ఆ అమ్మాయి నా భుజాలు పట్టుకుని ఆపింది.

"మీతో ఎవరొచ్చారమ్మా? పిలుస్తాను."

"ఎవరూ రాలేదమ్మా. ఇంట్లో ఇంకొకరికి కూడా ఊపిరాడట్లేదు. మా ఆయన అక్కడున్నారు."

"అయ్యో! ఎవరికి, మీ అత్తగారికా?"

"ఇంజన్‌కి."

నాకు ఇంకా కళ్లు తిరుగుతున్నాయనుకుని ఆ అమ్మాయి కంగారుగా వెళ్లి మంచినీళ్లు తెచ్చింది.

డాక్టరమ్మ రిపోర్టు చూసి మొహం చిట్లించింది. లోపల గాలి గొట్టాలు బాగా బిగుసుకుపోయాయంది. ఇన్‌హేలర్ రాసింది. "ఇంత ఆయాసం పెట్టుకుని ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నారు? ఇంట్లోవాళ్లయినా గమనించలేదా?" అని కోప్పడింది. మావాళ్లు బాగా గమనిస్తారండీ, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు అని చెప్పి బయటపడ్డాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన గేటు దగ్గరే ఎదురొచ్చారు. మొహం వెలిగిపోతోంది. నా పరీక్ష సంగతి అడగడానికే ఎదురొచ్చారనుకున్నాను.

"వచ్చేసిందోయ్! టక్కున కూర్చుంది! రా రా, ముందు కార్లో కూర్చో" అన్నారు.

చెప్పులైనా విప్పకుండా వెళ్లి కూర్చున్నాను. ఆయన పక్కన కూర్చుని బటన్ నొక్కారు. డాష్‌బోర్డ్ మీద లైట్లు వెలిగాయి. ఆయన కళ్లు మూసుకున్నారు.

"విను! ఎంత హాయిగా పీలుస్తోందో!"

హైబ్రిడ్ కదండీ. బ్యాటరీ నిండుగా ఉంటే ఇంజన్ లేవనే లేవదు. కారులో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్నే ఆయన మైమరచి వింటున్నారు. నేను కూడా విన్నాను.

ఉన్నట్టుండి ఆయన కళ్లు తెరిచారు. "ఏదో సన్నగా ఈల వేసినట్టు... నీకు వినపడుతోందా?"

"వినపడుతోందండీ."

"ఇదెప్పట్నుంచి వస్తోందో! నేను చూసుకోనే లేదు!" అంటూ ఒక్క ఉదుటున దిగి బానెట్ ఎత్తారు. డబ్బా క్లిప్పులు నొక్కి చూశారు. గొట్టాలు తడిమారు. చెవి ఆనించి విన్నారు. నేను కూడా దిగి వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను.

"ఇప్పుడు మరీ దగ్గర్నుంచి వస్తోంది!" అన్నారు గాభరాగా.

"అది ఇంజన్‌ది కాదండీ. నాది."

ఆయన తల ఎత్తి నన్ను చూశారు. గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"హమ్మయ్య! నీదా! ప్రాణం లేచొచ్చిందోయ్" అన్నారు. బానెట్ మెల్లగా దించి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లిపోయారు.

అక్కచెల్లెళ్లారా, అందుకే చెబుతున్నాను, మీ ఇంట్లో ఫిల్టర్ మురికిపడితే పడనివ్వండి, పొరపాటున కూడా మార్చనివ్వకండి. అది మురికిగా ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో పొద్దున లేస్తే ఊపిరి గురించే మాట. ఆయాసంగా ఉందా, చల్లగాలి పడటం లేదా, మొదట్లో ఇంత లేదు కదా అని మా ఆయన ఎంత ప్రేమగా మాట్లాడేవారో! నేను పొయ్యి దగ్గర నిలబడి, అదంతా నా గురించే అనుకుని వినేదాన్ని. అవునండీ, మెట్లెక్కితే ఎక్కువగా ఉంటోంది, పొద్దుటి పూట మరీ కష్టంగా ఉంటోంది అని ఒక్కొక్కదానికీ లోలోపల జవాబు చెప్పుకునేదాన్ని.

ఇప్పుడు కొత్త ఫిల్టర్ వచ్చింది. ఇంజన్ కులాసాగా ఉంది. మా ఇంట్లో ఎవరూ ఏమీ అడగడం లేదు.