కిందివి పదకొండు

ఆ శుక్రవారం బాలనర్సయ్యకు ఒకే ఒక్క పని ఉంది. పదకొండు గంటలకు కొండాపూర్‌లో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి, కింది దవడలో మిగిలిన పదకొండు పళ్లనూ పీకించుకోవాలి. పీకిన వెంటనే ఎముకలో మరలు బిగించి, సాయంత్రానికల్లా తాత్కాలికంగా కొత్త పళ్లు పెట్టి పంపుతానని డాక్టరు మాటిచ్చారు. రెండు వానాకాలాలుగా మక్క కంకిని చూసి గుటకలు మింగడమే తప్ప కొరికిన పాపాన పోలేదాయన. అయినా భయం! నాలుగుసార్లు క్లినిక్ గుమ్మం దాకా వెళ్లి, నాలుగుసార్లూ వెనక్కి వచ్చేశాడు.

ఈసారి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "సాయిచందు నా చెయ్యి పట్టుకొని పక్కన కూసుంటే సరే. లేకుంటే ఇగ ఈ జన్మల దవాఖాన మొకం జూడ."

కొడుకు సాయిచంద్ హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడర్. అతని కింద సరిగ్గా పదకొండు మంది పనిచేస్తారు. కొంప ముంచింది ఈ లెక్కే.

తొమ్మిదిన్నరకు తండ్రి ఫోన్ చేశాడు. ఆయనకు చెవి కొంచెం మందం కాబట్టి సాయిచంద్ కాఫీ మెషీన్ పక్కన నిలబడి గొంతు పెంచాడు.

"ఫికర్ జెయ్యకు! కిందున్న పదకొండూ పీకేస్తరు, అంతే. పైవాటి జోలికి పోరు. ఇయ్యాల్నే కొత్తయి పెడ్తరు. ఉన్నవాటితోని ఏం పనైతుంది చెప్పు? పీకినట్టే తెల్వది!"

వెనకాల కాఫీ పట్టుకుంటున్న ఆకాష్ చెయ్యి కాలింది. ఆ టీమ్‌లో అతను చేరి ఆరు నెలలే అయింది. హైటెక్ సిటీలో "పీకేస్తరు" అంటే పళ్లు ఎవరికి గుర్తొస్తాయి? మనుషులను రిసోర్సులని పిలిచే చోట "వాటితోని" అన్నా అనుమానం రాదు. పరుగున వెళ్లి పక్క సీటు కిరణ్మయి చెవిలో ఊదాడు.

"మన పదకొండు మందిని పీకేస్తున్నరు! ఇయ్యాల్నే కొత్తోళ్లను పెడ్తరంట!"

"అయ్యో రామ! మరి పైవాళ్లో?"

"వాళ్ల జోలికి పోరంట."

"ఎందుకు పోతారులెండి!" అని కిరణ్మయి బల్ల మీద తల వాల్చి ఏడ్చేసింది.

పదింటికల్లా ఆ మాట ఐదో అంతస్తు ఎక్కి హెచ్ఆర్ మేనేజర్ భానుశ్రీ చెవిన పడింది. నవ్వేయాల్సిన మనిషి నవ్వలేదు. ఎందుకంటే ఆవిడ డ్రాయర్‌లో నిజంగానే ఒక జాబితా ఉంది. సాయిచంద్ టీమ్ వాళ్లవే, పదకొండు పేర్లు. మధ్యాహ్నం ఎండీ గారు సంతకం పెడితే ఆ పదకొండు మందీ ఇంటికే.

బ్యాగు తగిలించుకుని లిఫ్టు దగ్గర నిలబడ్డ సాయిచంద్‌ను గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"పదకొండని మీకెవరు చెప్పారండీ?"

నాన్న పళ్ల సంగతి ఈవిడకెలా తెలిసిందా అని సాయిచంద్ బిత్తరపోయాడు. "లెక్కబెట్టినం గద మేడం. మా వాడకట్టు మొత్తానికి తెల్సు."

"వాడకట్టు మొత్తానికా!"

"జర తొందరగ పోవాలె మేడం. పెద్దాయన లేచి పోతడు."

భానుశ్రీకి తెలిసిన పెద్దాయన ఎండీ గారొక్కరే. "ఆయనకు ఇష్టం లేదా?"

"అస్సలు లేదు. పీకుడంటేనే వణుకుతడు. నాలుగుసార్లు ఎనకకొచ్చిండు. నేను చెయ్యి పట్టుకొని కూసుంటేనే సరే అన్నడు."

"మీరు? చెయ్యి?" ఆవిడ కుర్చీలో కూలబడింది. ఎండీ మనసు ఇంత మెత్తనిదని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

అంతలో సాయిచంద్ ఫోన్ మోగింది. క్లినిక్ నుంచి తండ్రి. "వస్తవా రావా? చెప్పులేసుకుంటున్న!"

"చూసిన్రా? లేచిండు!" అంటూ సాయిచంద్ మెట్ల మీదుగా పరుగెత్తాడు. క్లినిక్ చేరేసరికి బాలనర్సయ్య ఒక కాలు గుమ్మం బయట పెట్టి ఉన్నాడు. కొడుకు చెయ్యి అందుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, కుర్చీ ఎక్కాడు.

ఇక్కడ ఆఫీసులో భానుశ్రీ జాబితా పట్టుకుని ఎండీ గదిలోకి వెళ్లింది. "మీకంత బాధగా ఉంటే ఆపేద్దాం సార్," అంది. ఆ మాట ఎవరైనా అంటారా అని వారం రోజులుగా ఎదురుచూస్తున్న ఎండీ, ఎవరు చెప్పారని కూడా అడగకుండా కాగితం చింపేశారు. ఎవరినీ తీసేయడం లేదని మూడింటికి అందరికీ మెయిల్ వచ్చింది.

సాయంత్రం పదకొండు మందీ సాయిచంద్ ఎక్కడున్నాడో ఫోన్‌లో కనుక్కుని, క్లినిక్ వెతుక్కుంటూ వచ్చారు. ఆకాష్ చేతిలో దారిలో కొన్న వేడివేడి మక్క కంకులున్నాయి.

"సార్! పెద్దాయన చెయ్యి పట్టుకొని మమ్మల్ని కాపాడిన్రంట! భానుశ్రీ మేడం చెప్పిన్రు!"

"చెయ్యి పట్టుకున్నది నిజమే గని," సాయిచంద్ అయోమయంగా తండ్రిని చూపించాడు. "పెద్దాయనంటే గీయిననే."

సంగతి తేలడానికి ఐదు నిమిషాలు పట్టింది, నవ్వు ఆగడానికి పావుగంట. బాలనర్సయ్య మాత్రం అద్దం వదల్లేదు. కొత్త పళ్లను నాలుకతో తడుముకుంటూ, "ఊగుతలెవ్వురా!" అన్నాడు. సంతోషం పట్టలేక కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా కంకి మీదికి చెయ్యి చాపాడు. డాక్టరు లాగేసుకున్నారు.

"మూడు నెలలు మెత్తటివే తినాలి!"

"మూన్నెల్లేనా? రెండేండ్ల సంది ఆగిన సారూ. నా పేరు మీద ఒకటి రాసిపెట్టున్రి."

మొత్తానికి ఆ రోజు పదకొండుకు పదకొండూ పీకేశారు. ఒక్కటి కూడా నోటీసు పీరియడ్ అడగలేదు.