లోపల, వంటగది, సాయంత్రం

ఫ్యాక్టరీ గేటు ముందు నేను మైకు పట్టుకుంటే మేనేజరు కిటికీ మూసుకుంటాడు. అందుకే అందరూ నన్ను మైకు అనే పిలుస్తారు. ఇంట్లో మాత్రం ఆ మైకుకి కరెంటుండదు.

మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. తెల్లారకముందే డ్యూటీకి పోతుంది. నాది రెండో షిఫ్టు. ఆవిడ వెళ్లేటప్పుడు నేను గురక, నేనొచ్చేసరికి ఆవిడ నిద్ర. దిండుకంటిన తలనూనె వాసనతో కాపురం చేస్తున్నాను.

బెంగగా ఉందని చెప్పడానికి నోరు రాదు. అందుకని స్క్రీన్‌ప్లే రాశాను. ఆదివారం ఆవిడ చేతిలో పెట్టాను.

“యూనియన్ వాళ్ల చిన్న సినిమా. హీరోయిన్ మాట ఒక్కసారి పైకి చదువు.”

“సగం కాగితం ఖాళీగా ఉందేంటండీ?”

“పద్ధతే అంత. పైన సీన్ హెడింగు: లోపలా బయటా, ఏ చోటు, ఏ వేళ. దాని కింద యాక్షన్, అంటే కెమెరాకి కనబడేది. మధ్యలో పాత్ర పేరు, పేరు కింద డైలాగు. ఎలా అనాలో బ్రాకెట్లో.”

జ్వరం చూసి చెప్పినట్టు చదివింది. “లోపల. వంటగది. సాయంత్రం. భర్త కుర్చీలో ఉంటాడు. మనసు భార్య కోసం కొట్టుకుపోతూ ఉంటుంది. భార్య, బ్రాకెట్లో కరిగిపోతూ: రేపట్నుంచి మీ షిఫ్టుకే మారిపోతానండీ.”

నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

“మనసు కొట్టుకుపోవడం కెమెరాకెలా కనబడుతుంది మైకుగారూ?”

“అదీ... నటుడు చూపిస్తాడు.”

“కుర్చీలో కూర్చునా? మారాల్సింది మాత్రం ఆవిడా? గేటు ముందు సమానత్వం అని అరిచేది మీరేనా?”

పెన్ను లాక్కుంది. హెడింగుతో సహా కొట్టేసి, కొత్తగా రాసింది: “బయట. బస్టాపు. తెల్లవారుజాము. భర్త భార్య సంచీ పట్టుకుని నిలబడతాడు.”

“మరి నా డైలాగు?”

“పేరు రాశాను. కింద ఖాళీ. మీరే నింపుకోండి.”

మర్నాడు కళ్లు నులుముకుంటూ బస్టాపులో నిలబడ్డాను. వేలమంది ముందు ఆగని నోరు అక్కడ పెగల్లేదు. దూరంగా బస్సు లైట్లు కనబడ్డాయి.

“ఊఁ, డైలాగు?” అంది.

“ఈ దిక్కుమాలిన బస్సు ఇవాళ రాకుండా ఉంటే బాగుండేదే.”

ఆవిడ నా వైపు చూసింది. చేతిమీద చెయ్యి వేసి, బస్సెక్కింది.

బస్సు మలుపు తిరిగాక చూసుకుంటే సంచీ నా చేతిలోనే ఉంది. అన్నం డబ్బా, ఆవిడ యూనిఫాం అందులోనే. చెప్పులు తెగేలా పరిగెత్తాను.

ఆసుపత్రి గేటు దగ్గర ఆవిడ చెయ్యి చాచి నిలబడి ఉంది.

“ఇప్పుడు కనబడింది కెమెరాకి” అంది.