పడవ పోరలకు కురుమయ్య వాత

గుర్వమ్మ చెప్పిందట, లచ్చయ్య పెండ్లాం చెప్పగా విన్నదట: కురుమయ్య కొడుకు బీరన్నకు కుడిచెయ్యి లేవడం లేదట, బువ్వ కూడా ఎడమచేత్తోనే తింటున్నాడట. బావి దగ్గర విన్న ఆ మాటను సైదమ్మ బిందెతోపాటు ఇంటికి మోసుకొచ్చి మొగుడు కురుమయ్య ముందు దించింది.

ఆ పొద్దు గొర్లకు ఉన్ని కత్తిరించాలనుకున్న కురుమయ్య కత్తెర పక్కన పెట్టాడు. పంద్రాగస్టుకు ఇంకా నాలుగు రోజులే. ఆనాడు చెరువులో పక్క తాలూకా బడితో పడవల పోటీ. డ్రిల్లు మాస్టరు రామచంద్రం నెల రోజులుగా నలుగురు పిల్లలతో తెడ్లు వేయిస్తున్నాడు. గొర్లకాపరి ఇంటి పిల్లవాడు బడి తరఫున నిలబడడం అదే మొదలు. బీరన్న ఆ పడవలో ఉండి తీరాలి.

ఎక్కడ నొప్పని కురుమయ్య అడగలేదు. ముప్పై ఏండ్లుగా గొర్లకు వైద్యం చేసినవాడు, గొర్రెను అడిగేదేముంటుంది? వీపంతా తడుముకుంటూ పోయాడు. భుజం కింద చెయ్యి పడగానే పిల్లవాడు ఉలిక్కిపడ్డాడు.

"దొరికింది. గీడనే వాయువు వట్టింది."

గొర్లకు వాతలు పెట్టే ఇనుప పుల్ల కాల్చి రెండు పెట్టాడు. ఆ అరుపుకు దొడ్లో మంద బెదిరింది.

"ఎట్లుంది బిడ్డా?"

బీరన్న పొయ్యిలోని పుల్ల వైపు చూశాడు. "మంచిగైంది బాపూ," అని చెయ్యెత్తి చూపాడు.

మధ్యాహ్నానికి కురుమయ్య హస్తవాసి ఊరంతా పాకింది. లచ్చయ్య, బీరన్నతోపాటు పడవలో తెడ్డేసే తన కొడుకు ఐలేశాన్ని ఈడ్చుకొచ్చాడు. "అన్నా, వీని మణికట్టు వాచింది, జర చూడు."

పుల్ల ఎర్రబడకముందే ఐలేశం అక్కడున్న జొన్నల బస్తా ఎత్తి దించాడు. "నాకేమైంది? గట్టిగనే ఉన్న!"

పడవలోని మిగతా ఇద్దరూ పిలవకుండానే వచ్చి, తమకే నొప్పీ లేదని చెప్పిపోయారు. సాయంత్రం రామచంద్రం వచ్చి దండం పెట్టాడు. "నెల సంది మూల్గుతుండ్రు కురుమయ్యా. ఒక్కనికి వెడితే నలుగురు లేచిండ్రు!"

పంద్రాగస్టు నాడు పడవ చెరువు నడుమకు పోయి ఆగింది. మొదట బీరన్న తెడ్డు జారింది, వెనకే ఐలేశంది. నలుగురూ ముందుకు వంగి అట్లాగే కూర్చున్నారు. చేపలవాళ్ళు ఈదుకుంటూ పోయి పడవను ఒడ్డుకు లాక్కొచ్చారు.

దవాఖానలో డాక్టరు బీరన్నకు పక్కటెముక చిట్లిందన్నాడు. ఐలేశం చేతికి పిండికట్టు వేశాడు. మిగిలిన ఇద్దరి అరచేతుల్లో బొబ్బలు చీముపట్టాయి.

"గింత నొప్పి వెట్టుకొని నోరు మూసుకున్నరేందిరా?" అని కసిరాడు డాక్టరు.

కురుమయ్య వంగి కొడుకు తల నిమురుతూ, "నాకన్న చెప్పకపోతివి కొడుకా," అన్నాడు.

"చెప్తే ఇంకో వాత వెడ్తుంటివి," అన్నాడు బీరన్న.