‘పోయింది’ అనే క్రియాపదం మీద మా తీర్మానం

మా నవలా పరిష్కరణ సంఘం అధిక ఓట్లతో ఒక తల్లిని బతికించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. డాక్టర్ల వల్ల కాని పని ఇది. పాపం, వాళ్లకు వ్యాకరణం రాదు.

సంగతేమిటంటే, మందుల గోదాములో గుమాస్తాగా పనిచేసే ఒకావిడ నవల రాసింది. ఆవిడ తల్లి ముప్పయ్యేళ్లు ఆసుపత్రి దుప్పట్లు ఉతికి, చివరికి అదే ఆసుపత్రిలో, తాను ఉతికిన దుప్పటి మీదే కన్నుమూసింది. కథంతా అదే. గోదాములో పాతబడిన రిజిస్టరులో నూట తొంభై పేజీలు గుండ్రటి చేతిరాతతో రాసుకుంది. చివరి వాక్యం రెండే మాటలు: ‘అమ్మ పోయింది.’ ఇంట్లో తండ్రి ఉన్నాడు. చూపు ఆనదు, గుండె బలహీనం. నేనుండగానే ఒక్కసారి చదివి వినిపించు తల్లీ, మీ అమ్మను చూసినట్టుంటుంది అన్నాడట. అందుకని ఆవిడకు తొందర. సాహిత్యంలో తొందర పనికిరాదని మాకు బాగా తెలుసు. మాలో ఎవరమూ పదేళ్లుగా ఏమీ రాయలేదు.

మా ఆమోదం లేనిదే అచ్చు వేయనని ప్రచురణకర్త ఖండితంగా చెప్పాడు. సంఘమంటే నలుగురం: ఎర్రసిరా సంపాదకుడు, భాషాశుద్ధి మాస్టారు, పొట్టి కవితల కవి, కార్యదర్శినైన నేను. నిబంధన ప్రకారం ఆ రిజిస్టరును మా బీరువాలో పెట్టి తాళం వేశాం. గ్రంథాలయం మేడ మీది గదిలో, ఫ్యాను కింది కుర్చీ ఎవరిదన్న తగువు తేలాక నవల చేతిలోకి తీసుకున్నాం. చివరి పేజీ నుంచి మొదలుపెట్టడం మా పద్ధతి. ముందు పేజీల్లో ఏముండి ఉంటుందో ఊహించుకోవచ్చు, శ్రమ తగ్గుతుంది. సంపాదకుడు చివరి వాక్యం చదివి, పక్కన ఎర్రసిరాతో ‘ఎక్కడికి?’ అని రాశాడు.

“పోయిందంటే చనిపోయిందని అందరికీ తెలుసు కదండీ” అంది రచయిత్రి నెమ్మదిగా.

“అందరికీ తెలిసిందే రాసేటట్టయితే ఇక సాహిత్యం ఎందుకమ్మా?” అన్నాడు సంపాదకుడు. ఆ మాటను మినిట్స్ పుస్తకంలో కింద గీత గీసి మరీ రాసుకున్నాను.

మూడు నెలలు ఆ ఒక్క మాట మీదే గడిచాయి. కరెంటు పోతుంది, గొడుగు పోతుంది, పరువు పోతుంది, తల్లి పోదు, దివంగతురాలవుతుంది అన్నారు మాస్టారు. దివంగతలో చెమ్మ లేదు, ‘వెన్నెల్లో కరిగింది’ అందామన్నాడు కవి. అమ్మ పోయింది మిట్టమధ్యాహ్నమండీ అని రచయిత్రి గుర్తుచేసింది. వాస్తవాలు తెచ్చి కళకు అడ్డం పెట్టవద్దని ఆవిడను మందలించాం. ఎంతకీ తెగకపోయేసరికి, సంపాదకుడి ప్రశ్నకు జవాబివ్వడమే మధ్యేమార్గమని ఓటింగు పెట్టాం. అమ్మ సముద్రం చూడ్డానికి పోయింది. ముగ్గురం అనుకూలం, మాస్టారు తటస్థం, రచయిత్రికి ఓటు లేదు.

ఇక అక్కడి నుంచి పని చకచకా సాగింది. చూడ్డానికి పోయిన మనిషి తిరిగి రావాలి కదా, రెండోసారి దిద్దినప్పుడు వచ్చింది. ఊరికే వస్తే ఏం బాగుంటుందని మూడోసారి అరవై యంత్రాల లాండ్రీ పెట్టించాం. అంతటి యజమానురాలికి సోడాతో పగిలిన చేతులేమిటని నాలుగోసారి నున్నగా చేశాం. పని నుంచి రాగానే ఆ చేతులకు భర్త నూనె రాసే అధ్యాయం ఒకటుండేది. నిజం చెప్పొద్దూ, దాన్ని నేను రెండుసార్లు చదివాను. సంఘం గౌరవం దృష్ట్యా తప్పులు వెతుకుతున్నట్టు నటించాను. చేతులు నున్నబడ్డాక నూనెతో పనేముంది? ఆ పేజీలు చించి బుట్టలో వేశాం. భర్త ఉన్నది ఆ అధ్యాయంలోనే కాబట్టి ఆయనా పోయాడు. ఈసారి ఎక్కడికని ఎవరూ అడగలేదు.

రచయిత్రి ఎదురు తిరగలేదా అంటారేమో. అయిదో సమావేశంలో లేచి నిలబడింది.

“సార్, నాన్నకు నిన్న మళ్లీ ఆయాసం వచ్చింది. ఏం మార్చమంటే అది మారుస్తాను. ఈ నెల్లో అచ్చయ్యేలా చూడండి” అంది.

ఇన్నాళ్లకు ఆవిడలో పరిణతి వచ్చిందని మాస్టారు మెచ్చుకున్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆమోదపత్రం ఆ పూటే ఇచ్చేశాం, మాదేమీ రాతి గుండె కాదు.

ఆవిష్కరణ సభ ఘనంగా జరిగింది. అయిదుగురు వక్తలు, పుస్తకం చదవాల్సిన పని పెట్టుకోకుండా, రెండు గంటలు మాట్లాడారు. “ఈ నవలలో ప్రతి వాక్యం వెనకా ఒక శ్రామికుడి చెమట ఉంది” అని సంపాదకుడు గద్గదంగా అన్నాడు. ఎవరి చెమటో విడమరచలేదు. రచయిత్రి వేదిక మీద లేదు, కుర్చీలు చాలలేదు.

ఆ మర్నాటి నుంచి ఆవిడ తండ్రికి చదివి వినిపించింది. నాలుగు రోజులు పట్టిందట. నాలుగో రోజు మిగిలిన ప్రతులు ఇవ్వడానికి వెళ్లి నేనూ అక్కడే కూర్చున్నాను. పెద్దాయన కళ్లు మూసుకుని చివరి దాకా విన్నాడు. లాండ్రీకి రెండో శాఖ కూడా తెరిచాక, తలగడ కాస్త ఎత్తు చేయమని అడిగి, కూతురి వైపు తిరిగాడు.

“బాగుందమ్మా. ఎవరో గానీ మహా అదృష్టవంతురాలు. మరి మీ అమ్మ గురించి ఎప్పుడు రాస్తావ్?”

“రాస్తాను నాన్నా” అందావిడ. ప్రతులు అందినట్టు రసీదు మీద ఆవిడ సంతకం తీసుకుని నేను లేచాను. ఆ వారం తిరక్కుండానే పెద్దాయన పోయాడు.

సంఘం అత్యవసరంగా సమావేశమై రెండు నిమిషాలు మౌనం పాటించింది. మృతుడి అమూల్యాభిప్రాయాన్ని రెండో ముద్రణ అట్ట వెనక వేయాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. నిడివి దృష్ట్యా ఆఖరి ప్రశ్న తీసేయాలని ప్రతిపాదించింది నేనే. మీలో చాలామంది ఆ మిగిలిన మాట చూసే పుస్తకం కొన్నారు.