మిద్దె ఉన్నవాళ్లు

పేదరికం గురించి ఇంతవరకూ పేదవాళ్లను ఎవరూ అడగలేదన్న సంగతి ఒకానొక మంగళవారం, భోజనానంతర సమావేశంలో, ప్రజాభాగస్వామ్య గణాంక విభాగం వారికి స్ఫురించింది. సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట ఏ ఊళ్లో పేదవాళ్లెవరో ఆ ఊరివాళ్లే లెక్క తీయాలి, ఆ లెక్కను బట్టే ఆ ఊరి పేదరిక నిర్మూలన ప్రణాళిక తయారవ్వాలి, అధికారులు అందులో వేలు పెట్టరాదు. (వేలు పెట్టకుండా ఎలా పనిచేయాలో తెలియక అధికారులకు రెండు రోజుల శిక్షణ ఇచ్చారు.) పథకానికి 'మన ఊరి లెక్క మనమే' అని పేరు పెట్టారు.

ఓర్వకల్లుకు ఏడు కిలోమీటర్ల దూరాన, రాతి గుట్టల మధ్య ఉన్న గుండ్లమిట్టలో ఆ లెక్క రాసే భాగ్యం ప్రేమజ్యోతికి దక్కింది. పొదుపు సంఘంలో ఇంటర్ చదివింది ఆమె ఒక్కతే. ఆమెకు ఒక ట్యాబు, ఒక టోపీ, 'గడప మిత్ర' అని రాసిన మెడ కార్డు ఇచ్చారు. టోపీ మీద అచ్చువేసిన సూర్యుణ్ణి చూసి, "ఈ ఎండలకు పైనుండేటోడు చాలడా?" అని సంఘం అధ్యక్షురాలు గిడ్డమ్మ అడిగింది. గిడ్డమ్మ ఎవర్నైనా ఏదైనా అడగగల మనిషి.

మొదటి రోజు పటం. బడి ముందు నేల మీద ఊరి పటాన్ని ముగ్గుతో వేయాలని నిబంధన. ఆడవాళ్లు అరగంటలో వీధులూ బోరింగులూ చర్చీ గుడీ రాఘవేంద్రప్రసాద్ కిరాణా కొట్టూ అన్నీ వేసేశారు. పేదల ఇళ్ల మీద ఒక్కొక్క చింతగింజ పెట్టమన్నారు. ఎవరూ ఎవరితోనూ వాదులాడలేదు. పదకొండు ఇళ్ల మీద గింజలు పడ్డాయి. అందరికంటే ముందు గింజ పడింది విశ్వాసమ్మ ఇంటి మీద. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు, నా అన్నవాళ్లు లేరు. ఇంటి దూలం చీలితే కింద గుంజ ఆనించుకుని కాపురం చేస్తోంది.

"ఈ వానలకు నిలబడదు పాపా ఈ మిద్దె," అంది విశ్వాసమ్మ. "సంగటి తింటాంటే కంచంలో మట్టి రాలతాండాది."

"పక్కా ఇల్లు ముందు నీకే వస్తాది అవ్వా. రాసేది నేనే కదా," అని ప్రేమజ్యోతి మాట ఇచ్చింది. మనస్ఫూర్తిగానే ఇచ్చింది.

మండల గణాంక సమన్వయ ఉపసహాయకుడు ఉమామహేశ్ ఆ ముగ్గును నాలుగు వైపుల నుంచీ ఫొటో తీశాడు. కృష్ణ ఒడ్డు నుంచి ఉద్యోగానికి వచ్చిన కుర్రాడు, మర్యాదస్తుడు. "అద్భుతమండీ, ప్రజాభాగస్వామ్యం అంటే ఇదే," అన్నాడు. ఫొటో పైకి వెళ్లగానే ట్యాబులో 'భాగస్వామ్యం పూర్తయినది' అని పచ్చటి గుర్తు పడింది. కాసేపటికి ఒక మేక వచ్చి ముగ్గులోని పడమటి వీధి మీదుగా నడుచుకుంటూ ఊరి చివరిదాకా వెళ్లింది, దాన్ని ఎవరూ ఆపలేదు.

ఇక ఇంటింటి లెక్క. నూట నలభై రెండు ప్రశ్నలు. 'మీ నివాసానికి విమానాశ్రయం ఎంత దూరం?' అన్నది నాలుగోది. గుండ్లమిట్ట నుంచి పది కిలోమీటర్ల లోపే కనుక ఊరంతటికీ పూర్తి మార్కులు పడ్డాయి. (బస్సు గురించి ప్రశ్న లేదు.) 'గత ఏడు రోజుల్లో మీరు ఎన్నిసార్లు ఆశాభావంతో ఉన్నారు?' అన్న ప్రశ్న దగ్గర విశ్వాసమ్మ చాలాసేపు ఆలోచించింది.

"ఆదివారం చర్చిలో ఒకసారి. బేస్తవారం మబ్బు పట్టింది గాని, మళ్ల పోయె. ఒకటే రాయి."

ముప్పై ఏడో ప్రశ్న ఇంటి రకం. గుడిసె, రేకులు, మిద్దె అని మూడే జవాబులు. ప్రేమజ్యోతి రెప్పపాటు కూడా ఆలోచించకుండా 'మిద్దె' నొక్కింది. ఆ గడ్డ మీద పుట్టిన ఎవరైనా అదే నొక్కుతారు. రాతి గోడల మీద దూలాలు పరచి, కంపా గడ్డీ కప్పి, మట్టి మెత్తి, ఆ పైన నీరు దిగనివ్వని చౌడు మట్టి పోస్తే దాన్ని మిద్దె అంటారు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోసుకోలేనివాడి మిద్దె కారుతుంది, ఆ తర్వాత కూలుతుంది. కానీ ఈ ప్రశ్నలు తయారుచేసిన పెద్దమనిషి పుట్టిన ప్రాంతంలో మిద్దె అంటే మెట్లెక్కి పైకి వెళ్లి, మల్లెతీగ పక్కన కుర్చీ వేసుకుని కాఫీ తాగే చోటు. ఈ తేడా ట్యాబుకు తెలియదు. అప్పటికి ప్రేమజ్యోతికీ తెలియదు.

కిరాణా కొట్టు రాఘవేంద్రప్రసాద్ శెట్టి ఇంటికీ వెళ్లింది. రెండంతస్తుల ఇల్లు. ఎండ దిగకుండా మేడ మీద రేకులు వేయించాడు. పైకప్పు ఏమిటంటే రేకులన్నాడు, అది నిజమే. వ్యాపారం ఎట్లుంది అంటే, వ్యాపారస్తుడు కనుక అలవాటు కొద్దీ, "ఏముందిలే తల్లీ, ఏదో రోజులు నెట్టుకొస్తాండాం," అన్నాడు. ఆశాభావం సంగతి అడిగితే నవ్వి, "సున్నా రాస్కో," అన్నాడు. ప్రేమజ్యోతి నిజాయతీగల మనిషి, చెప్పింది చెప్పినట్టు రాసింది.

ఏప్రిల్‌లో ప్రణాళిక వచ్చింది. అరవై నాలుగు పేజీలు, రంగుల్లో. గుండ్లమిట్టలో పేద కుటుంబాలు: ఒకటి. కుటుంబ యజమాని: రాఘవేంద్రప్రసాద్. రేకుల ఇల్లు, పూర్తి నిరాశ, మూడు పూటలా తెల్లన్నం కారణంగా పోషకాహార లోపం. ఆయనకు ఒక పక్కా ఇల్లు, రెండు మేకలు, బుట్టలల్లికలో శిక్షణ మంజూరయ్యాయి. ఊళ్లో అత్యంత సంపన్న కుటుంబం: విశ్వాసమ్మ, తొంభై ఆరు మార్కులు. మిద్దె ఇల్లు, పైకప్పు నుంచి సహజ కాంతి (మిద్దెకు వెలుతురు కోసం వదిలిన కంత), చిరుధాన్యాల పట్ల శ్రద్ధ (కార్డు బియ్యం అయిపోయాక కొర్రలే గతి కావడం), పర్యావరణ స్పృహ (నడక). పథకం ప్రకారం ప్రతి పేదవాడికీ ఒక సంపన్న కుటుంబాన్ని 'తోడు కుటుంబం'గా నియమిస్తారు. తోడు కుటుంబం వారం వారం వెళ్లి, పేదరికం నుంచి బయటపడే మార్గం చెప్పి, ఫారం నింపాలి. రాఘవేంద్రప్రసాద్‌కు విశ్వాసమ్మను నియమించారు.

ప్రేమజ్యోతికి ఆ పూట అన్నం సయించలేదు. నొక్కింది తన వేలే కదా అని కుమిలిపోయింది. మరునాడే మండల కార్యాలయానికి పోయింది.

"సార్, మా మిద్దె మిద్దె కాదు."

"మిద్దె అంటే మిద్దే కదండీ," అన్నాడు ఉమామహేశ్. "మా ఊళ్లో మిద్దె ఉన్నవాళ్లు ముగ్గురే. వాళ్ల ముందు మేము నిలబడే మాట్లాడతాం."

"ఒకసారి వచ్చి చూడు సార్."

వచ్చాడు. విశ్వాసమ్మ గుమ్మంలో నడుము వంచి దూరి, లోపల అటూ ఇటూ చూశాడు.

"మెట్లెక్కడండీ?"

"యాడికి ఎక్కేకి?"

"మిద్దె మీదికి."

"ఎక్కేకి నిచ్చెన ఉండాది నాయనా. గాని నడిమికి పోవాకు. పోయినావంటే నా కంచంలో పడతావు," అంది విశ్వాసమ్మ.

ఉమామహేశ్ తల ఎత్తి దూలాన్ని, దాని కింది గుంజను చూశాడు. చిటికెడు మట్టి రాలి ట్యాబు మీద పడింది. దాన్ని రుమాలుతో మెల్లగా తుడిచాడు. పాపం, నిజంగానే బాధపడ్డాడు.

"మారుద్దాం సార్," అంది ప్రేమజ్యోతి.

"అదే కుదరదండీ. ఇది ప్రజల సమాచారం. అధికారులు ముట్టుకుంటే శిక్ష."

"నేను ప్రజలే కదా, నేను మారుస్తా."

"మీరు సమర్పించేశారు. సమర్పించాక అది ప్రభుత్వ సమాచారం. ప్రజలు ముట్టుకుంటే శిక్ష."

ట్యాబులో ఉన్నది 'పేదరికం నుంచి బయటపడ్డారు' అన్న బొత్తాం ఒక్కటే. లోపలికి వచ్చేందుకు బొత్తాం లేదు. పేదరిక నిర్మూలన పథకంలో కొత్తగా పేదవాళ్లయ్యే సౌకర్యం కల్పించడం పథకం ఉద్దేశానికే విరుద్ధమని మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది.

నిబంధన నిబంధనే కనుక, విశ్వాసమ్మ శుక్రవారం శుక్రవారం కొట్టుకు వెళ్లి రాఘవేంద్రప్రసాద్‌కు దారి చూపించసాగింది. శెట్టి భార్య సుందరలక్ష్మి ఆమెకు కుర్చీ వేసి కాఫీ ఇచ్చేది. మొదటి వారం ప్రేమజ్యోతి రాసిపెట్టిన ఫారంలో సలహా: "పగలు ఒకపూటే తిను శెట్టీ, అలవాటైతే ఏం కాదు." రెండో వారం: "ఓర్వకల్లుకు పోయేకి బండెందుకప్పా, కాళ్లు లేవా?" మొదట్లో శెట్టి పళ్లు కొరికాడు. కానీ సలహా పాటించనట్టు తేలితే పేదరికం మరో ఏడాది పొడిగిస్తారని రాసి ఉంది. నడిచాడు. నాలుగు వారాలకు ఒంట్లో షుగరు తగ్గింది. దాన్ని ట్యాబు 'ఆశాజనకమైన పురోగతి'గా నమోదు చేసింది.

అయినా పేదల పట్టిక పంచాయతీ గోడ మీద అతికించే ఉంది, అందులో ఆయన పేరొక్కటే ఉంది. కడపలో ఉండే బావమరిది ఫోన్ చేసి, బియ్యం మూట పంపమంటావా బావా అని అడిగాడు. ఆ రోజు శెట్టి కొట్టు తెరవలేదు.

మే నెల సగమైంది. గుట్టల వైపు మబ్బు కదిలినప్పుడల్లా ప్రేమజ్యోతి వెళ్లి విశ్వాసమ్మ ఇంటి గుంజను తడిమి చూసి వచ్చేది. ఇక వేరే దారి లేక ఆ అరవై నాలుగు పేజీలూ చదివింది. (అప్పటికి రాష్ట్రం మొత్తం మీద వాటిని చదివిన మనిషి ఆమె ఒక్కతేనని ఉమామహేశ్ అభిప్రాయం.) యాభై ఎనిమిదో పేజీలో అడుగున చిన్న అక్షరాలు కనిపించాయి. పేద లబ్ధిదారుకు ఖాళీ స్థలం లేనిచోట, తోడు కుటుంబం దయతలచి తన స్థలంలో ఆ ఇల్లు కట్టుకోనివ్వవచ్చు. అందులో లబ్ధిదారు గానీ, తోడు కుటుంబం గానీ నివసించవచ్చు. ఇల్లు పూర్తయిన రోజే లబ్ధిదారు పేదరికం ముగిసినట్లు భావించబడును.

ప్రేమజ్యోతి, గిడ్డమ్మ కలిసి కొట్టుకు వెళ్లారు.

"నా పేరుతో ఇల్లు, ఉండేది ఆయమ్మ. మధ్యన నాకేమొస్తాది?" అన్నాడు శెట్టి.

"గోడ మీద నీ పేరు పోతాది," అంది ప్రేమజ్యోతి.

"పోకుంటే వచ్చే ఏడు కూడా ఆయమ్మే వచ్చి, ఇంగొక పూట కూడా మానేయమంటాదప్పా," అంది గిడ్డమ్మ.

శెట్టి లేచి చెప్పులు తొడుక్కున్నాడు. ఎక్కడ సంతకం పెట్టాలని అడిగాడు.

తన స్థలాన్ని నిరుపేద షావుకారికి ఇస్తున్నట్టు విశ్వాసమ్మ వేలిముద్ర వేసింది. ఉమామహేశ్ ఆ కాగితాన్ని తన చేత్తోనే పైకి తీసుకెళ్లాడు. వారంలో పాత మిద్దె విప్పారు. ఇల్లు లేచేదాకా విశ్వాసమ్మ శెట్టి మేడ మీది రేకుల కింద ఉంది. మొదటి వాన ఆ రేకుల మీద పడినప్పుడు ఆమె కంచం ముందేసుకుని, ఎంతసేపటికీ అందులో ఏమీ రాలకపోయేసరికి ఏడ్చింది. సుందరలక్ష్మి మరో ముద్ద సంగటి వేసి, పక్కనే కూర్చుంది.

మిగిలిన పది ఇళ్ల మాట ప్రేమజ్యోతిని పీకుతూనే ఉంది. నిబంధన ప్రకారం పది ఇళ్లకు పదిమంది నిరుపేద షావుకార్లు కావాలి. గుండ్లమిట్టలో ఉన్నది ఒక్కడు, వాడిని వాడేశారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఊరంతా కలిసి వంక నుంచి చౌడు మోసి ఆ పది మిద్దెల మీదా పోశారు. ఏడాది నిలుస్తాయి. ఆ ఫొటో చూసి విభాగం వారు 'సంపన్నుల శ్రమదానం' అని నమోదు చేసుకున్నారు.

ఇక పక్కా ఇల్లు అంత వేగంగా లేచిన దాఖలా ఆ మండలంలో లేదు. ఒక రోజు మేస్త్రీ రాకపోతే శెట్టి నడుచుకుంటూనే అతనింటికి వెళ్లి కూర్చునేవాడు. పేదరికం నుంచి బయటపడాలని అంత తపన పడ్డ లబ్ధిదారును చూడలేదని ఉమామహేశ్ తన నివేదికలో రాశాడు.

గృహప్రవేశానికి ప్రాంతీయ పేదరిక విముక్తి సంచాలకులు భూపేష్ గారు స్వయంగా విచ్చేశారు. గోడకు రాతిపలక బిగించారు. నిరుపేద రాఘవేంద్రప్రసాద్‌కు స్థలదాత విశ్వాసమ్మ ఔదార్యంతో, అని ఉంది. శెట్టి పట్టు పంచె కట్టుకుని, చేతులు కట్టుకుని పక్కగా నిలబడ్డాడు. ఆయన పేదరికం ముగిసినట్లు భూపేష్ గారు బొత్తాం నొక్కగానే అందరూ చప్పట్లు కొట్టారు, అందరికంటే గట్టిగా శెట్టే కొట్టాడు. విశ్వాసమ్మకు శాలువా కప్పారు. కొత్త ఇంటి గచ్చు చల్లగా ఉందని ఆమె చెప్పులు విప్పి నిలబడింది. నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు చూసి ప్రేమజ్యోతికి, ఇన్ని నెలల తర్వాత, కడుపు నిండినట్టనిపించింది.

భూపేష్ గారు మైకు అందుకున్నారు. "ఊరికి ఇలాంటి తల్లి ఒక్కరుంటే పేదరికం ఉండదు," అన్నారు. "అమ్మా, ఇంత ఉన్నవాళ్లు మీరు. మీకు బియ్యం కార్డు ఎందుకు? స్వచ్ఛందంగా వదులుకుంటే జిల్లాకే ఆదర్శమవుతారు." జేబులోంచి ఫారం తీసి ఆమె ముందు చెయ్యి చాపారు.

విశ్వాసమ్మ ఆ చాపిన చేతిని చూసింది. ఆయన ముఖం చూసింది. జాలితో ప్రేమజ్యోతి వైపు తిరిగింది.

"మ్మే ప్రేమా, ఈ సారుకు గూడ ఏమీ లేదా ఏంది? ఈయప్పను గూడ నాకే అప్పజెప్తాండారా?"

నిబంధనల ప్రకారం ఒక తోడు కుటుంబానికి ఒక పేదవాణ్ణి మాత్రమే కేటాయించాలి కనుక, ఆ విషయం పరిశీలనకు రాలేదు.