మొదటి దర్జా సిక్కా

గులాం మొహియుద్దీన్ ఆ ఆదివారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగాలి, షేర్వానీ తొడుక్కోవాలి, నాణేల పెట్టె చంకన పెట్టుకుని ట్రావెలర్స్ బంగ్లాకు వెళ్లాలి, గాబ్రియేలు సారు నోట "మొదటి దర్జా" అనే మాట వినాలి, ఆ మాట తెచ్చి పెళ్లాం చెవిన వేయాలి. అన్నీ సవ్యంగా జరిగితే మధ్యాహ్నం భోజనం వేళకు తీరిపోయే పని.

మెదక్ బజారులో గడియారాలు రిపేరు చేసే ఆ మనిషికి పాత నాణేల పిచ్చి. నిజాం కాలపు సిక్కాలు చెల్లకుండా పోయిన నాటి నుంచి ఊళ్లో ఎవరింట్లో చెల్లని పైసా దొరికినా అతని దుకాణానికే చేరేది. గడియారం బాగుచేయించుకున్న వాళ్లు కూలీ కింద అవే ఇచ్చి పోయేవాళ్లు. అతను కళ్లకద్దుకుని తీసుకునేవాడు. ఇంటికి బియ్యం మాత్రం వాటితో వచ్చేవి కావు. ఆ సంగతి అతనికి గుర్తుచేసే బాధ్యత భార్య గౌహర్ తీసుకుంది.

"ఇగో, చెప్తున్న ఇనుండ్రి. పొద్దుగూకె లోపట ఆ సారు ఇవి మంచివని కాగితం మీద రాసిచ్చిండా, సరే. లేకపోతే అన్నీ తీస్కపోయి ఇత్తడి సామాన్ల వీరయ్యకు ఇస్త. కరగబెట్టి అన్నం వండెటి మంచి దేగిశ చేసిస్తడు."

"షాజహాన్ బాద్షా రూపాయి కరగబెడ్తవా? నీకు దిల్ లేదా?"

"దిల్ ఉంది. బియ్యమే లేవు."

గులాం మొహియుద్దీన్ పెట్టెను దగ్గరకు లాక్కున్నాడు. గౌహర్ అన్నదంటే చేస్తుంది. ఆ పెట్టె పోతే తాను బతికి ఉండీ ఒకటే, లేకా ఒకటే అనిపించింది. అయినా అతనికి ఆ షాజహాన్ రూపాయి మీద భరోసా ఉంది. ఒక వైపు అల్లా పేరున్న కలిమా, ఇంకో వైపు బాద్షా పేరు, అరుగూ తరుగూ లేకుండా మెరిసే వెండి. దాన్ని చూసి గాబ్రియేలు సారు లేచి నిలబడతాడని అతని నమ్మకం.

గాబ్రియేలు సారు సర్కారు టంకశాలలో చాలాకాలం పనిచేసి రిటైరైన పెద్దమనిషి. హైదరాబాదు నుంచి చర్చికి వచ్చినప్పుడల్లా బంగ్లాలో దిగి, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయేవాడు. నాణేన్ని అంచులు పట్టుకుని ఎత్తి, భూతద్దం కింద ముఖం ఎంత అరిగిందో, అక్షరాలు ఎంత నిలిచాయో, ఎవరైనా చింతపండు పెట్టి తోమారో చూసి, మొదటి దర్జా, రెండో దర్జా, మూడో దర్జా అని చీటీ రాసి సంతకం పెట్టేవాడు. ఆ సంతకం పడ్డాక ఇంకెవరూ నోరెత్తేవాళ్లు కాదు.

బంగ్లాలో సారు పెట్టె తెరిచాడు. ఒక్కొక్కటీ చూసి రెండో దర్జా అన్నాడు, మూడో దర్జా అన్నాడు, చీటీలు రాశాడు. గులాం మొహియుద్దీన్ తొణకలేదు. "అసలుది ముందుంది సార్. గా మఖ్మల్ గుడ్డలది జర చూడుండ్రి."

సారు మఖ్మల్ మడత విప్పాడు, భూతద్దం పెట్టాడు, తీసేశాడు. "మొహియుద్దీన్ గారూ, ఇది మొన్న మొన్నటి రూపాయి. దీని దర్జా నేను చెప్పడమెందుకు? ఉల్లిగడ్డల దుకాణంలో చెప్తారు."

గులాం మొహియుద్దీన్ వంగి చూశాడు. నిజంగానే చెల్లే రూపాయి! జన్మలో మొదటిసారి చెల్లే రూపాయిని చూసి అతనికి ఏడుపొచ్చింది. "సార్, మీరు బస్సెక్కకుండ్రి. ఇప్పుడే వస్త" అని చెప్పి, పెట్టె అక్కడే వదిలి, చెప్పులు మరిచి ఇంటికి పరుగెత్తాడు.

తల్లి షాజహాన్ బీ అరుగు మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తోంది. "సిక్కానా? నేనే తీసిన బేటా. ఊకె తీసిననా? నా రూపాయి దాని జాగల పెట్టిన."

"ఎందుకు తీసినవ్ అమ్మీ!"

"బద్రుద్దీన్ ప్రయాణం కాదా? ఇమాం జామిన్ కట్టద్దా? కలిమా ఉన్న సిక్కా పెట్టెల పండవెట్టి, ఉత్త రూపాయి కడ్తరా పిల్లగానికి? పైగా దాని మీద నా పేరు కూడ ఉండె."

ఊరికి బయలుదేరే వాళ్ల దండచేతికి గుడ్డలో ఒక నాణెం చుట్టి కట్టి, క్షేమంగా చేరగానే దాన్ని ఎదురైన ఫకీరుకు దానమివ్వడం ఆ ఇంటి ఆచారం. అదే ఇమాం జామిన్. తమ్ముడు బద్రుద్దీన్‌కు చేగుంట దవాఖానాలో కంపౌండరు ఉద్యోగం వచ్చింది. కాసేపటి క్రితం పోయిన బస్సుకే వెళ్లిపోయాడు. అంటే చేగుంటలో బస్సు దిగగానే షాజహాన్ బాద్షా ఏ ఫకీరు జోలెలోనో పడతాడన్నమాట.

గులాం మొహియుద్దీన్ చేగుంట రోడ్డు మీదికి ఉరికి, వచ్చిన మొదటి లారీకి అడ్డం నిలబడ్డాడు. దాని డ్రైవరు వెంకట్రాములు మంచివాడు. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

"సాబ్, చెప్పులు లేవు, మొకం గట్ల పీక్కపోయింది. ఏమాయె?"

"ఏం చెప్పాలె వెంకట్రాములూ! ముందల పోయిన బస్సుల మా తమ్ముడున్నడు. చేగుంట చేరకముందే పట్టుకోవాలె."

"ఇంట్ల కష్టమా?"

"చెప్పుకోలేని కష్టం."

వెంకట్రాములు అతన్ని పక్కన ఎక్కించుకున్నాడు. మీదున్న గోనె సంచులు ఎగిరి పొలాల్లో పడుతున్నా లెక్కచేయకుండా తోలాడు. బస్సును దాటేసి, లారీని రోడ్డుకు అడ్డంగా పెట్టి, కిటికీలోంచి గొంతెత్తాడు. "బద్రుద్దీన్ ఎవరయ్యా? దిగు. మీ ఇంట్ల కష్టమైంది!"

ఆ ఇంట్లో వయసు మళ్లింది ఒక్కరే. బద్రుద్దీన్ మెట్ల మీదే కూలబడ్డాడు. "అమ్మీ! నన్ను సాగదోలి నువ్వు పోతివా అమ్మీ!"

"అమ్మీకి ఏం గాలేదు! నేను సిక్కా కోసం వచ్చిన" అని గులాం మొహియుద్దీన్ మొత్తుకున్నాడు.

"అమ్మీ మంచిగుంటే నువ్వు లారీ ఎక్కుతవా భయ్యా? చెప్పులు లేకుండ వస్తవా? ఒక్క సిక్కా కోసం?" బస్సులో వాళ్లందరికీ ఈ ప్రశ్నలు సబబుగానే తోచాయి. నిజం చెప్పాలంటే గులాం మొహియుద్దీన్‌కూ అలాగే తోచాయి.

"పాపం, దుఃఖంల మతి తప్పింది పెద్దాయనకు" అంది సంకలో కోడిని పెట్టుకున్న ఒక ఆమె. కండక్టరు నీళ్లు తెచ్చి అతని నెత్తిన పోశాడు.

బద్రుద్దీన్ దండచేతి గుడ్డ తెంపాడు. "అమ్మీయే లేదు, నాకెందుకు ఇది!" అని ఏడుస్తూ, తల్లి పేరు మీద దానం అని, వెనక సీట్లో కునుకుతున్న ఫకీరు ఖుద్దూస్ చేతిలో పెట్టేశాడు. గులాం మొహియుద్దీన్ ఎగిరి వెళ్లి ఫకీరు చెయ్యి పట్టుకున్నాడు. బస్సంతా గొల్లుమంది.

"తల్లి పీనుగ లేవకముందే దానం వాపసు గుంజుకుంటుండు సూడుండ్రి!"

"వాపసు కాదయ్యా, మార్పిడి! బాబా, దండం పెడ్త, నా చేతి గడియారం తీస్కోని అది ఇయ్యి."

ఖుద్దూస్ గడియారం చెవికి ఆనించి విన్నాడు. "నడుస్తదా?"

"ఎందుకు నడ్వది? నేనే రిపేరు చేసిన."

ఫకీరు వెంటనే గడియారం తిరిగి ఇవ్వబోయాడు. గులాం మొహియుద్దీన్ గబగబా షేర్వానీ కూడా విప్పి ఇచ్చాక బేరం కుదిరింది.

ఈలోగా చేగుంట వైపు నుంచి మెదక్ వచ్చే బస్సొకటి లారీకి అవతల ఆగిపోయి ఉంది. అందులో వాళ్లు దిగి, విషయం విని, కళ్లు తుడుచుకుని, లారీ పక్కకు జరగగానే వెళ్లిపోయారు. ఆ విధంగా షాజహాన్ బీ మరణవార్త ఆమె కొడుకుల కన్నా ముందుగా మెదక్ చేరింది.

షాజహాన్ బీ అప్పుడు పక్కింటి అన్వరీ దగ్గర కందిపప్పు ఏరుతోంది. తన గుమ్మం ముందు జనం మూగడం, గౌహర్ బిత్తరపోయి నిలబడటం చూసింది. బస్సు బోల్తా పడి కొడుక్కేదో అయిందనుకుని "యా అల్లా, నా బిడ్డా!" అని గుండె బాదుకుంటూ ఉరికింది. ఏడవడానికి వచ్చిన ఆడవాళ్లు వెనక్కి తిరిగి, చచ్చిన మనిషి తమ మీదికే వస్తుండటం చూసి తలో దిక్కుకు పారిపోయారు. సరిగ్గా అప్పుడే లారీ వచ్చి ఆగింది. బద్రుద్దీన్ దూకి తల్లిని వాటేసుకున్నాడు. "బతికి ఉన్నవా అమ్మీ!" అని వాడు, "బతికి ఉన్నవా బేటా!" అని ఆమె. అది చూసి వెంకట్రాములు కూడా ఏడ్చేశాడు.

పరామర్శకని టోపీ ఒక చేత్తో, నాణేల పెట్టె ఇంకో చేత్తో పట్టుకుని గాబ్రియేలు సారు కూడా వచ్చి నిలబడి ఉన్నాడు. బస్సు ఎటూ పోయింది. ఏడ్చే వాళ్లకని వేసిన కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి, బనీను మీదున్న గులాం మొహియుద్దీన్ సిక్కా అందించాడు. గౌహర్ చేతులు కట్టుకుని చూస్తోంది. సారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. తిప్పి మళ్లీ చూశాడు. తర్వాత నిజంగానే లేచి నిలబడ్డాడు.

"మొదటి దర్జా. ఇలాంటిది నేను ఈ మధ్య చూడలేదు" అని చీటీ రాసి సంతకం పెట్టాడు.

గులాం మొహియుద్దీన్ ఆ చీటీ తీసుకుని పెళ్లాం చేతిలో పెట్టాడు. గౌహర్ చీటీ రెండుసార్లు చదివింది. "సరే. వీరయ్యకు ఇయ్య. మీ పెట్టె మీకే" అంది. పెళ్లయినప్పటి నుంచి ఆమె అంత మెత్తగా మాట్లాడటం అదే మొదలు. అతను సిక్కా కోసం చెయ్యి చాచాడు.

అది అప్పటికే తల్లి గుప్పిట్లో ఉంది. "ఇనుండ్రి అందరు! సగం తొవ్వ నుంచి నా కొడుకును ఇంటికి తెచ్చింది, నన్ను సచ్చినదాన్ని లేపింది. ఫస్టు దర్జా అని సారే సంతకం పెట్టిండు. గిసొంటిది పెట్టెల ఉంటదా? మన గల్లీల ఎవరు ఊరికి పోయినా దీన్నే కట్టుకపోవాలె. ఫకీరుకు వేరే రూపాయి ఇచ్చి, దీన్ని వాపసు తేవాలె."

"షాజహాన్ బీ, నా బిడ్డ ఎల్లుండి నిజాంపేట పోతుంది, జర ఇయ్యరాదు" అంది అన్వరీ.

"నిజాంపేటకు ఫస్టు దర్జా ఎందుకే?" అని కసిరి, షాజహాన్ బీ కొడుకు పెట్టెను ముందుకు లాక్కుంది. సారు చీటీలన్నీ చదివించుకుని అక్కడికక్కడే ఖరారు చేసింది. సైకిలు మీద నిజాంపేట, శంకరంపేట పోయే వాళ్లకు మూడో దర్జా. బస్సెక్కి చేగుంట పోయే వాళ్లకు రెండో దర్జా. రైలెక్కి బొంబాయి పోయే వాళ్లకు మాత్రమే మొదటి దర్జా. గౌహర్ తాళంచెవి తెచ్చి అత్తగారి నడుముకు వేలాడదీసింది. గాబ్రియేలు సారు, తన జీవితంలో నాణేలకు ఇంత పద్ధతిగా దర్జా కట్టడం చూడలేదని ఒప్పుకున్నాడు.

గులాం మొహియుద్దీన్ తన షాజహాన్ రూపాయిని మళ్లీ కళ్లారా చూసుకున్నది, ఏ పనీ లేకుండా బొంబాయికి టికెట్ కొన్న రోజునే.