బగార ఈసారి పొడిపొడిగ వచ్చింది

కోత పండుగ ఇంక వారం ఉందనంగ మొగిలికి ఒక ఉపాయం తట్టింది. మొగిలికి ఉపాయం తట్టిందంటే ఇంట్ల పగిలేటి సామాన్లన్నీ తీసి అటక మీద పెట్టుకోవాలె అంటది అతని పెండ్లాం మహిమ. పెండ్లయి ఇరవై రెండేండ్లయింది. ఆమె మాట ఒక్కసారన్న తప్పు కాలే.

ఉపాయమేందంటే, వడ్లు మొలకెత్తిన సంగతి అవ్వకు తెల్వద్దు.

సంగతి గింతే. నాలుగెకరాల వడ్లు కోసి ఊరి కొనుగోలు సెంటర్ల కుప్ప పోసిండు మొగిలి. మిషన్ పెట్టి చూసి తేమ ఉందన్నరు. ఎండబోసిండు. తేమ పోయింది గని సంచుల్లేవన్నరు. సంచులొచ్చినై గని లారీ లేదన్నరు. లారీ కోసం పద్దెనిమిది దినాలు చూసినంక లారీకి బదులు వాన వచ్చింది. వానకు మిషన్ అక్కెర లేదు, సంచులక్కెర లేదు, ఏ సారు సంతకమూ అక్కెర లేదు. వచ్చుడే వచ్చుడు, కొట్టుడే కొట్టుడు. మూడోనాడు టార్పాలిన్ లేపి చూస్తే కుప్ప మీద పచ్చగ, పసిపిల్ల నెత్తి మీది ఎంటికల లెక్క, మొలకలు.

సెంటర్ల ముప్పై కుప్పలుంటే ముప్పై గట్లనే ఉన్నయి. పక్క కుప్ప కొమురెల్లిది. నాలుగోనాడు కొమురెల్లి పురుగుల మందు తాగిండు. దవాఖాన్ల పాణం దక్కలే.

మొగిలి అవ్వ బుచ్చవ్వకు ఎనభై దాటినై. కండ్లు మసక. గుండె సగమే పనిచేస్తుందని దసరకు ముందే కరీంనగర్ డాక్టర్ చెప్పిండు. చెడ్డ ముచ్చట్లు చెవుల వెయ్యకుండ్రి, పాణానికే మోసం అన్నడు. అప్పటి సంది ఇంట్ల టీవీ బంద్.

ఆ ఇంట్ల ఒక కట్టుబాటున్నది. కోత పండుగ ఆదివారం మిషన్ చర్చి నుంచి వచ్చినంక, ఆ యేడు కోసిన బియ్యంతోనే బగార అన్నం వండాలె, ఇంటి కోడినే కొయ్యాలె. మొదటి ముద్ద బుచ్చవ్వ తినాలె. ఆమె తినందే ఇంట్ల ఎవ్వలూ కొత్త బియ్యం ముట్టరు. బుచ్చవ్వ అత్త కాలం నుంచి ఇదే నడుస్తుంది. కొత్త బియ్యంతోని బగార ఎట్లయితదో వండినోళ్లకు ఎరుకే. ముద్ద. గంటె నిలబెడితె నిలబడతది. ఏటా హుజూరాబాద్ నుంచి వచ్చే మహిమ తమ్ముడు బెన్నీ ఏటా అదే మాట అంటడు: "అక్కా, దీనికి గంటె కాదు, తాపీ కావాలె." అనుకుంటనే మూడుసార్లు పెట్టించుకుంటడు.

"ఊర్ల ఎవ్వల కాడ మంచి గింజ లేదు," అన్నడు మొగిలి మహిమతోని, వంటింట్ల గుసగుసగ. "హుజూరాబాద్ పోయి బియ్యం కొనుక్కొస్త. మనయే అని చెప్దాం."

"అబద్ధమాడి దేవునికి దండం పెడుదామంటవ్."

"దేవునికెవడు ఆడుతుండు? అవ్వకు ఆడుతున్న."

"దేవుడన్న చూసీ చూడనట్టు పోతడు. మీ అవ్వ నా పెండ్లినాడు కూర వాసన చూసి ఉప్పు తక్కువన్నది."

"నీకు ప్రతిదీ ఎకసెక్కమే. ఆమెకేమన్నయితే నువ్వు చెప్తవా జవాబు?"

మహిమ అతని మొఖం దిక్కు జరసేపు చూసింది. "సరే పో," అన్నది. "పోతె పోయినవ్ గని బియ్యం ఒక్కటే కాదు. ఏటా ఆమె చేతుల వరికంకుల కుచ్చు పట్టుకోని చర్చికి పోతది. అది ఏడికెల్లి తెస్తవ్?"

మొగిలికి అది తట్టనే లేదు. అతని ఉపాయాలు ఎప్పుడూ గంతే, ముందర చక్రం ఉంటది, ఎనుక చక్రం మహిమ బిగియ్యాలె.

ఆనాడే కొమురెల్లి శవం వచ్చింది. డప్పులు ఇంటి ముంగటికెల్లే పోయినై.

"ఏంది కొడుకా డప్పు?" అన్నది బుచ్చవ్వ మంచం మీదికెల్లి.

"పెండ్లి అవ్వా."

"ఎవలది?"

"ఆ... పరశురాములు బిడ్డది."

"పరశురాములుకు కొడుకులే గద."

"తమ్ముని బిడ్డ. ఈడనే చేస్తుండ్రు."

"ఏడుస్తుండ్రేంది?"

"పిల్లను పంపుతుండ్రు గదవ్వా. ఏడువరా?"

బుచ్చవ్వ నెత్తిన కొంగు కప్పుకోని చేతులు జోడించింది. పెండ్లికి గూడ దండం పెడుతుందంటే ఎంత మంచి మనిషి మా అవ్వ అనుకున్నడు మొగిలి.

తెల్లారి హుజూరాబాద్ పోయిండు. బియ్యం దుకాణంల ఇరవై తీర్ల బియ్యమున్నయి. పుట్టినకాడి నుంచి వడ్లు పండించి తిన్న మనిషి, దుకాణంల సన్నబియ్యం కొన్న పాపాన పోలే. "అన్నిట్ల మంచియి ఇయ్యి సేటు," అన్నడు. సేటు రెండేండ్లు మాగిన పాత బియ్యం తీసిచ్చిండు. గింజ గింజా సూది లెక్క. చూసి మొగిలి మురిసిండు. అవ్వకు తినిపిస్తే గిసొంటియే తినిపియ్యాలె అనుకున్నడు.

కంకుల కోసం ఊరూరు తిరిగితే ఏడ చూసినా మొలకలే. ఆఖరికి ఫ్యాన్సీ షాపుల దొరికినై. ప్లాస్టిక్‌వి, బంగారు రంగు పూసినవి.

బుచ్చవ్వ వేళ్లతోని తడిమింది. "గింజ శాన గట్టిగున్నదేంది కొడుకా."

"మంచి పంట అవ్వా."

"తాలు గింజ ఒక్కటి తగల్తలేదు."

"దేవుని దయ."

కుచ్చును చూరుకు కట్టిండు. రెండు పిచ్చుకలొచ్చినై. ఒకటి పొడిచి చూసింది, మొగిలి దిక్కు చూసింది, ఎగిరిపోయింది. పక్షి నోటికి తాళం పెట్టలేం గద అని మొగిలి కుచ్చును ఇంట్ల పెట్టిండు.

ఇగ నడుము వాల్చిండో లేదో మహిమ ఇంకో పని చెప్పింది. అయ్యగారికి చెప్పివచ్చినవా? ఆయన ప్రసంగంల కొమురెల్లి పేరెత్తితే? మొగిలి ఉరికిండు. చర్చి పాస్టర్ డేవిడ్ అయ్యగారు మొత్తం విని కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు.

"కోత పండుగనాడు కోత మాట తియ్యొద్దంటవ్. నేనేం చెప్పాలె మొగిలి?"

"సృష్టి గురించి చెప్పుండ్రి అయ్యగారు. అప్పటికి వడ్లు లేవు."

"సృష్టిల మూడోనాడే మొలిచినై మొగిలి."

మొగిలి చేతులు జోడించిండు. అయ్యగారు కండ్లద్దాలు మల్ల పెట్టుకున్నడు. "సరే, వేరేది చూస్త," అన్నడు అయ్యగారు.

మల్ల మహిమ చెప్పింది, పక్కింటోళ్ల నోళ్లు మూయించాలె. మూయించిండు. కోడి బక్కగున్నది, మేపాలె. మేపిండు. రేకు ఊడింది, బిగించాలె. ఎక్కి బిగించిండు. వారం దినాలు మొగిలి కాలు ఒక్కకాడ నిలువలే. తనది ఉపాయమా, మహిమ చేతుల ఎట్టి చాకిరా అని అనుమానం గూడ వచ్చింది. అనుమానపడెతందుకు టైం దొరకలే.

ఆదివారం చర్చిల మంది గుమ్మడికాయలు తెచ్చిండ్రు, కోళ్లు తెచ్చిండ్రు, గుడ్లు తెచ్చిండ్రు. వడ్లు తెచ్చినోడు లేడు. బుచ్చవ్వ ప్లాస్టిక్ కుచ్చు ఒళ్లె పెట్టుకోని కూసున్నది.

"వడ్ల బస్తాలు దించిన చప్పుడు వస్తలేదేంది కొడుకా?"

"మెల్లగ దించుతుండ్రు అవ్వా. ఆరాధన నడుస్తుంది గద."

ఇంటికొచ్చిండ్రు. చాప పరిచి అందరు కూసున్నరు. మహిమ బగార గిన్నె మూత తీసింది. షాజీర, లవంగం, పుదీన వాసన గుప్పుమన్నది. మెతుకు మెతుకు విడివిడిగ, మల్లెమొగ్గల లెక్క. మొగిలి గుండెల మీది బరువు దిగింది.

బెన్నీ విస్తారిల చెయ్యి పెట్టి ఆగిపోయిండు. "ఓ బావా. గిదేంది. ఈసారి బగార బగార లెక్కనే ఉన్నది. పొడిపొడిగ రాలుతుంది."

మొగిలి కాలుతోని బెన్నీ మోకాలు తొక్కిండు.

"ఎందుకు తొక్కుతున్నవ్ బావా? నిజమే గద. పద్నాలుగేండ్ల సంది తింటున్న, చేతికంటని బగార ఈ ఇంట్ల ఇదే మొదలు."

బుచ్చవ్వ నాలుగు మెతుకులు రెండు వేళ్ల మధ్య నలిపింది. "ఏ విత్తనం కొడుకా ఇది?"

"కొత్త రకం అవ్వా."

"పేరేంది?"

"పేరింక పెట్టలే."

"ఈ యేడు కోసిన గింజ చేతికి అంటాలె కొడుకా. ఇది నిరుటిది గూడ కాదు, మొన్నటేడుది. నువ్వు మొన్నటేడే కోసినవా దీన్ని, వచ్చే పండుగకు పనికొస్తదని?"

మొగిలి ఆమె గుండె దిక్కు చూసిండు, ఆగిపోతుందేమో అన్నట్టు. గోలీల డబ్బ ఏడుందో యాదికొస్తలేదు.

"తేవే పిల్లా," అన్నది బుచ్చవ్వ కోడలుతోని.

మహిమ లేచి పొయ్యి ఎనుకకెల్లి చిన్న గిన్నె తెచ్చింది. మూత తీస్తే మట్టి రంగు ముద్ద. వాన వాసన. మొగిలి పనుల మీద తిరిగిన దినాలల్ల ఆమె సెంటర్ కాడి తమ కుప్ప నుంచి గంపెడు తెచ్చి, కడిగి, ఎండబోసి, మొలకలు రాలంగ రుద్ది, దంచింది. దంచితే బియ్యం కాలే, నూకలయినై. ఆ నూకల బగార.

బుచ్చవ్వ చేతులు జోడించింది. "ప్రభువా, నువ్వు ఇచ్చినవ్. మంచిగనే ఇచ్చినవ్. తీసుకునేటోళ్లే రాలే. ఆమేన్."

ముద్ద నోట్లె పెట్టుకున్నది. నమిలింది. "మొలకొచ్చిన గింజ జర తీపుంటది," అన్నది. "ఇది మనది."

"నీకెప్పుడు తెలిసిందవ్వా?"

"వానకు రేకులు మోగినప్పుడే. కండ్లు పోయినై గని చెవులున్నయి గద. మూడోనాడు నీ అంగికి మొలక వాసన. ఇగ కొమురెల్లిది... నలభై ఏండ్లు డప్పు కొట్టినోని పెండ్లాన్నిరా నేను. చావుకు ఏ దరువో, పెండ్లికి ఏ దరువో మీ బాపు నాకు చెప్పకుంటనే పోయిండా?"

"మరి ఎందుకు చెప్పలే? వారం దినాల సంది నేను పిచ్చోని లెక్క..."

జవాబు మహిమ చెప్పింది. గిన్నె దిక్కే చూసుకుంట చెప్పింది.

"కొమురెల్లి సంగతి తెలిసిన నాడు నువ్వు బువ్వ తినలే. గోడ దిక్కు చూసుకుంట కూసున్నవ్, పిలిస్తె పలుకలే. కొమురెల్లి పెండ్లాం నవనీత అదే చెప్పి ఏడ్చింది, ఆమె మొగడు గూడ ముందటినాడంత గోడనే చూసిండట. నాకు చేతులు కాళ్లు ఆడలే. తెల్లారి నువ్వు ఉపాయమనుకుంట లేచినవ్. అత్తమ్మకు చెప్పిన. 'ఆడనియ్యి పిల్లా, నా పాణం కాపాడే పనిల ఉన్నన్ని దినాలు వాని పాణం ఉంటది. పని ఒడవనియ్యకు' అన్నది. నేను ఒడవనియ్యలే."

మొగిలి ఆ ఇద్దరాడోళ్లను చూసిండు. తను వాళ్లను ఆడిస్తున్న అనుకున్నడు. వాళ్లు తనను బతికించిండ్రు. సిగ్గుకు తల ఎత్తబుద్ధి కాలే, దించుకుంటె కండ్లల్ల నీళ్లు విస్తారిల పడుతున్నయి.

"అక్కా," అన్నడు బెన్నీ మెల్లగ, "నేను ఏ బగార తినాలె మరి?"

"రెండూ తిను. నీకెన్నడు కష్టమైంది."

చెయ్యి కడుక్కుంట బుచ్చవ్వ అన్నది: "రేపు పొద్దుగాల నన్ను సెంటర్ కాడికి తీస్కపో కొడుకా. మన కుప్ప మీద కూసుంట."

"అవ్వా, నీ గుండె..."

"సగమున్నది గద. కుప్ప మీద కూసునెతందుకు సగం సాలు."

మొగిలి వద్దన్నడు. మహిమ దిక్కు చూసిండు. ఆమె అప్పుడే గొంగడి దులుపుతుంది.

సోమారం పొద్దుగాల బుచ్చవ్వ కుప్పెక్కింది. ఆమెను చూసి పక్క కుప్ప మీద నవనీత కూసున్నది. ఊర్ల ఈ ముచ్చట పాకింది. పొద్దు నడినెత్తికొచ్చేసరికి పదకొండు కుప్పల మీద పదకొండు మంది ఆడోళ్లు. ముసలోళ్లున్నరు, బాలింత గూడ ఒకామె ఉన్నది. మొగోళ్లకు ఏం జెయ్యాల్నో తోచక కింద నిలబడ్డరు. మొగిలి బిందె పట్టుకోని కుప్ప కుప్పకు నీళ్లు పోసిండు.

మధ్యాహ్నం తేమ చూసేటాయన మిషన్ పట్టుకోని వచ్చిండు. బుచ్చవ్వ కాడ ఆగి, "అమ్మా, జర దిగుండ్రి. తేమ చూడాలె," అన్నడు.

"నా కిందికెల్లి తీస్కో బిడ్డా."

పిడికెడు తీసి మిషన్‌ల పోసిండు. చూసిండు. తల ఊపిండు.

"ఎంతున్నది?"

"శాన ఎక్కువున్నదమ్మా."

"వాన పడ్డది గద, ఉండదా. ఎండేదాక మేం ఈడనే కూసుంటం. లారీ వచ్చేదాక నువ్వు గూడ కూసో. నిలబడితె కాళ్లు గుంజుతయి, కుర్చీ తెప్పిచ్చుకో."

ఆయన అటిటు చూసిండు. దిగుతనన్న ముఖం ఒక్కటి లేదు.

కుర్చీ తెచ్చెతందుకు మొగిలే పోయిండు.